నిషేధానికి ముందే మొదలైన హోరు
(ఎనభైల బ్రిటన్ పాట – 6వ భాగం)

లివర్‌పూల్ రేవు వెలవెలబోతున్న రోజుల్లో ఆ ఊరి యువకులు ఐదుగురు ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ అనే విడ్డూరమైన పేరుతో ఒక బృందంగా ఏర్పడడం, 1983 ఫిబ్రవరిలో ఛానల్ 4 వారి ‘ది ట్యూబ్’ కార్యక్రమంలో తోలు దుస్తులు తొడుక్కొని వారు పాడిన ‘రిలాక్స్’ అనే పాట నిర్మాత ట్రెవర్ హార్న్ కంటపడడం, ఆయన తన భార్య జిల్ సింక్లెయిర్‌తోను, పాత్రికేయుడు పాల్ మోర్లీతోను కలిసి నెలకొల్పిన జడ్‌టీటీ అనే చిన్న రికార్డు సంస్థ వారిని ఒప్పందంలోకి తీసుకోవడం వరకు గత భాగంలో కథ నడిచింది. గాయకుడు హాలీ జాన్సన్, అతని పక్కన నిలబడి ఆడుతూ గొంతు కలిపే పాల్ రదర్‌ఫర్డ్, గిటార్ వాయించే బ్రయన్ నాష్, బేస్ గిటార్ పట్టిన మార్క్ ఓటూల్, డ్రమ్ముల ముందు కూర్చునే పీటర్ గిల్ అప్పటికి తమ ఊరి వెలుపల పెద్దగా ఎవరికీ తెలియని వారే.

ఈ భాగం 1984 అనే ఒక్క ఏడాదికే పరిమితం. ఆ ఏడాదిలో 15 వారాల పాటు బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానం ఈ ఒక్క బృందానిదే. అప్పుడు యుక్తవయసులో ఉన్నవారికి ఆ పేరు వింటే నేటికీ ముఖం విప్పారుతుంది. అయితే ఆ ఆనందంతో పాటే, అదంతా ప్రచారపు హోరు తప్ప మరేమీ కాదన్న మాట కూడా నాటి నుంచి నేటి వరకు విమర్శకుల నోట నానుతూనే ఉంది. ప్రచారం జరిగిన మాట నిజమే, అది బాహాటంగా, ఎంతో నేర్పుగా జరిగిన మాట కూడా నిజమే. కాని వినేవారి మనసులో అప్పటికే రగులుతున్న దేనినో తాకకుండా ఎంత పెద్ద డప్పయినా నెలల తరబడి మోగదు, కాబట్టి ఆ ఏడాది కథను చెప్పేటప్పుడు డప్పు కొట్టినవారితో పాటు దాన్ని విన్నవారి సంగతి కూడా చెప్పవలసి ఉంటుంది.

ముందుగా పాటల పట్టిక అంటే ఏమిటో చూడాలి. ఆల్బమ్ నుంచి వేరుచేసి ఒక పాటను ప్రధానంగా చూపుతూ అమ్మే చిన్న రికార్డును సింగిల్ అంటారు. దేశంలోని ఎంపికచేసిన దుకాణాల్లో ఆ వారం ఏ సింగిల్ ఎన్ని అమ్ముడుపోయిందో లెక్కగట్టి వరుస సంఖ్యలు ఇచ్చేవారు. 1983 నుంచి ఆ లెక్కను గాలప్ అనే సర్వేల సంస్థ దుకాణాల్లో అమర్చిన యంత్రాల ద్వారా సేకరించసాగింది. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా విన్న తెలుగు శ్రోతలకు ఇలాంటి వరుస కోసం ఎదురుచూడడంలోని ఉత్కంఠ తెలిసిందే. బ్రిటన్‌లో మంగళవారం మధ్యాహ్నం బీబీసీ రేడియో 1 కొత్త పట్టికను ప్రకటించేది, గురువారం రాత్రి ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ అనే టెలివిజన్ కార్యక్రమంలో పైకి ఎగబాకుతున్న పాటల గాయకులు కనిపించేవారు, ఆదివారం సాయంత్రం మళ్లీ రేడియోలో చివరి నుంచి మొదటికి పాటలన్నీ వరుసగా వచ్చేవి. ఆ ఆదివారం సాయంత్రం టేప్ రికార్డర్‌లో ఖాళీ క్యాసెట్ పెట్టి, వ్యాఖ్యాత మాట పాటలో కలవకుండా సరిగ్గా సమయం చూసి రికార్డు మీట నొక్కడం ఆ తరం పిల్లలు వారం వారం అభ్యసించిన విద్య.

‘రిలాక్స్’ 1983 అక్టోబర్ 24న విడుదలైంది. హార్న్ ఆ పాటను ఒకటికి నాలుగుసార్లు కట్టి, కూల్చి, మళ్లీ కట్టాడు. ఇయన్ డ్యూరీ వెనుక వాయించే బ్లాక్‌హెడ్స్ బృందాన్ని పిలిపించి ఒక రూపం తయారుచేయించి, అదీ నచ్చక పక్కన పెట్టి, చివరకు స్టీఫెన్ లిప్సన్, ఆండీ రిచర్డ్స్, జే.జే. జెక్జాలిక్ అనే ముగ్గురు సహచరులతో కూర్చొని తన మనసులోని నాదాన్ని రాబట్టుకున్నాడు. ఇందులో ఫెయిర్‌లైట్ అనే వాద్యం పాత్ర పెద్దది. బయటి ప్రపంచంలోని ఏ శబ్దాన్నయినా కంప్యూటర్‌లో భద్రపరచి, దాన్ని హార్మోనియం మెట్ల వంటి మీటల మీద కావలసిన స్థాయిలో పలికించగలిగే ఆస్ట్రేలియా యంత్రం అది. ఫలితంగా జనం చేతికి వచ్చిన రికార్డులో జాన్సన్ గొంతు బృందానిదే అయినా, వాద్యాలలో బృందం స్వయంగా వాయించినది దాదాపు లేదనే చెప్పాలి. ఈ విషయం తర్వాత చాలా వివాదాలకు మూలమైంది, కాబట్టి పాఠకులు గుర్తుంచుకోవలసినది. అయినా ఆ గొంతు లేకుండా ఆ పాటను ఊహించడం సాధ్యం కాదన్నది కూడా అంతే నిజం: గుండెల నిండా గాలి పీల్చుకొని, సిగ్గు అనే మాటే ఎరగనట్లు, పైస్థాయిలో బల్లెంలా దూసుకువచ్చే ఆ గాత్రం యంత్రానికి అందేది కాదు.

విడుదలైన తర్వాత రెండు నెలలకు పైగా పాట పట్టిక అడుగున నిదానంగా పాకింది. 1984 జనవరి మొదటి వారంలో అది 35వ స్థానంలో ఉండగా, 5వ తేదీ గురువారం బృందం ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో కనిపించింది. మరుసటి పట్టికలో ఆ సింగిల్ ఒక్క గెంతులో 6వ స్థానానికి చేరింది. జనవరి 11న రేడియో 1లో ఉదయపు కార్యక్రమం నడిపే మైక్ రీడ్ ప్రత్యక్ష ప్రసారంలోనే ఈ పాటలోని లైంగికార్థం పట్ల తన ఏవగింపును తెలిపి ఇకపై దీన్ని వేయనని ప్రకటించగా, ఆ వెంటనే బీబీసీ రేడియోలోను టెలివిజన్‌లోను పాటను పక్కన పెట్టింది. రోమన్ చక్రవర్తుల విలాస మందిరాన్ని తలపించే క్లబ్బులో బెర్నార్డ్ రోజ్ చిత్రించిన వీడియోకు కూడా అదే గతి పట్టింది. జనవరి 24న ప్రకటించిన పట్టికలో ‘రిలాక్స్’ మొదటి స్థానానికి చేరి, ఐదు వారాలు అక్కడే నిలిచింది. ఆ ఐదు వారాలూ దేశంలోకెల్లా ఎక్కువగా అమ్ముడుపోతున్న పాట పేరును బీబీసీ చెప్పవలసి వచ్చేది, పాటను మాత్రం వినిపించేది కాదు. ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ ముగింపులో మొదటి స్థానపు పాట రావలసిన చోట బృందం నిశ్చల ఛాయాచిత్రం ఒకటి చూపి సరిపెట్టేవారు. క్యాపిటల్ రేడియో వంటి వాణిజ్య కేంద్రాలు మాత్రం అడిగినవారికీ అడగనివారికీ ఆ పాట వినిపిస్తూనే ఉన్నాయి.

నిషేధమే ఈ పాటను నిలబెట్టిందన్న మాట అప్పటి నుంచి ఒక సామెతలా స్థిరపడిపోయింది. పై తేదీలను వరుసగా చూస్తే ఆ మాట పూర్తిగా నిలవదు. 35 నుంచి 6కు వచ్చిన గెంతు నిషేధానికి ముందే జరిగింది. దానికి కారణం ఒక గురువారం రాత్రి లక్షలాది ఇళ్లలో టెలివిజన్ ముందు కూర్చున్న కుటుంబాలు ఆ పాటను వినడం, ఆ మనుషులను చూడడమే. నిషేధం చేసిన పని వేరు: ఏదో ఒక వారం మొదటి స్థానానికి వచ్చి దిగిపోగల పాటను దాదాపు ఏడాది పాటు పట్టికలోనే ఉండేలా చేసింది, వినడానికి సంకోచించే వారిలో కూడా అందులో ఏముందోనన్న కుతూహలం రేపింది. బ్రిటన్‌లో దాదాపు 20 లక్షల ప్రతులు అమ్ముడుపోయిన పాటగా అది నిలిచింది. మరొక విశేషం ఏమిటంటే, ఈ పాట మొదటి స్థానం నుంచి దించింది లివర్‌పూల్‌కే చెందిన పాల్ మెకార్ట్‌నీ పాడిన ‘పైప్స్ ఆఫ్ పీస్’ను. ఒకే ఊరికి చెందిన రెండు తరాలు అలా ఒకదానికొకటి ఎదురుపడిన ఆ వారం లివర్‌పూల్ వారికి ఎంత ముచ్చట గొలిపి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ మనుషులను చూసి అంత కలకలం ఎందుకు రేగిందన్నది అర్థం కావాలంటే ఆనాటి చట్టాన్ని, భయాలను కొంత తెలుసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో పురుషుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది 1967లోనే అయినా, అది 21 ఏళ్లు నిండినవారికి, నాలుగు గోడల మధ్యకే పరిమితమైన వెసులుబాటు. పైగా ఎయిడ్స్ అనే కొత్త వ్యాధి వార్తలు పత్రికల్లోకి వస్తున్న రోజులవి. కల్చర్ క్లబ్ గాయకుడు బాయ్ జార్జ్ జడలతో, రిబ్బన్లతో, పెదవుల రంగుతో అప్పటికే ఇంటింటికీ పరిచితుడే, కాని తన అంతరంగ జీవితం గురించి అడిగిన ప్రశ్నలను అతను నవ్వుతో దాటవేస్తూ వచ్చేవాడు. జాన్సన్, రదర్‌ఫర్డ్ అలా దాటవేయలేదు. తాము స్వలింగ ప్రేమికులమని దాచుకోకుండా, అందుకు క్షమాపణ కోరే ధోరణి లేకుండా, పండుగకు వచ్చినవారిలా వేదిక మీద నిలబడ్డారు. పక్కనే ఉన్న మిగిలిన ముగ్గురు, ఊళ్లో వారిని ‘ది ల్యాడ్స్’ అంటే కుర్రాళ్లు అని పిలిచేవారు, ఫుట్‌బాల్ ఆటకు వెళ్లే మామూలు కార్మిక కుటుంబాల పిల్లలు. ఆ ఐదుగురూ ఒకే బృందంగా, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ కలిసి తిరగడమే నాటి బ్రిటన్‌లో ఎందరో ఒంటరి పిల్లలకు ధైర్యమిచ్చిన దృశ్యం. ప్రచారపు మాటలన్నీ తీసివేసినా మిగిలే విలువ ఇదేనని గట్టిగా చెప్పవచ్చు.

ప్రచారం సంగతికి వస్తే, దాని సూత్రధారి మోర్లీ. ‘ఎన్‌ఎంఈ’ అనే సంగీత వారపత్రికలో రాసి పేరు తెచ్చుకున్న ఆయన, ఇటలీ కవి మారినెట్టి యుద్ధధ్వనుల మీద కట్టిన కావ్యం నుంచి సంస్థకు జాంగ్ టుమ్ టుమ్ అన్న పేరు తెచ్చాడు, ప్రకటనలను సిద్ధాంత వ్యాసాల్లా రాశాడు, రికార్డు అట్టలను తత్త్వశాస్త్రపు ఉటంకింపులతో నింపాడు. అంతకంటె ఎక్కువగా జనంలోకి వెళ్లింది ఒక చొక్కా. దుస్తుల రూపకర్త క్యాథరీన్ హామ్‌నెట్ పెద్ద అక్షరాల నినాదాలతో టీ షర్టులు చేస్తూ, 1984 మార్చిలో ప్రధాని మార్గరెట్ థాచర్ ఇచ్చిన విందుకు క్షిపణులను వ్యతిరేకించే నినాదమున్న చొక్కానే తొడుక్కొని వెళ్లింది. మోర్లీ ఆ పద్ధతిని తీసుకొని, వదులైన తెల్లని నూలు చొక్కా ఎదురురొమ్ము నిండా నల్లని పెద్ద అక్షరాలతో ‘ఫ్రాంకీ సే రిలాక్స్’ అని అచ్చు వేయించాడు. బొమ్మ లేదు, రంగు లేదు, బృందం ముఖాలూ లేవు. వీధి అవతలి వైపు నుంచి చదవగలిగే మూడు మాటలు మాత్రమే ఉన్నాయి. అంత తేలికగా ఉండడం వల్లనే సంత దుకాణాల వారు దానికి నకళ్లు వేసి అమ్ముకున్నారు, ఆ నకళ్లు తొడుక్కున్న ప్రతివారూ సంస్థకు జీతం లేని ప్రచారకులయ్యారు. ఆ ఎండాకాలంలో సముద్రతీరాల్లోను బజారుల్లోను ఆ చొక్కా ఎక్కడ చూసినా కనిపించింది.

అదే హామ్‌నెట్ నినాదపు చొక్కాలను తొడుక్కొని మరో బృందం కూడా ఆ వేసవిలో కనిపించింది. జార్జ్ మైకేల్, ఆండ్రూ రిడ్జ్‌లీల వ్యామ్! బృందం లండన్ పరిసరాల ఎండను, సెలవులను, నవ్వులను పాడేది. ఫ్రాంకీ బృందం ఉత్తరాది రేవు పట్టణపు ఎకసెక్కాన్ని, చీకటిని వెంట తెచ్చుకున్నది. వ్యామ్! పాట ‘వేక్ మీ అప్ బిఫోర్ యూ గో-గో’ మొదటి స్థానంలో ఉండగా, జూన్‌లో ఫ్రాంకీ రెండవ సింగిల్ ‘టూ ట్రైబ్స్’ విడుదలైన మొదటి వారంలోనే నేరుగా ఆ స్థానంలోకి వచ్చి కూర్చున్నది. తొమ్మిది వారాల పాటు కదలలేదు. ఆ దశాబ్దంలో మరే సింగిల్ కూడా అంతకాలం అక్కడ నిలవలేదు. చివరకు ఆగస్టులో దాన్ని దించినది జార్జ్ మైకేల్ ఒంటరిగా పాడిన ‘కేర్‌లెస్ విస్పర్’. ఈ మధ్యలో జూలైలో పాత పాట ‘రిలాక్స్’ తిరిగి పైకెక్కి 2వ స్థానానికి రాగా, పట్టికలోని మొదటి రెండు స్థానాలూ ఈ ఐదుగురివే అయ్యాయి.

‘టూ ట్రైబ్స్’ దేని గురించి అన్నది నాటి బ్రిటన్ ప్రజలకు విడమరచి చెప్పవలసిన అవసరం లేకపోయింది. 1980లో ప్రభుత్వం ‘ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్’ అనే చిన్న పుస్తకం అచ్చువేసి, అణుదాడి జరిగితే తలుపులను ఊడదీసి గోడకు ఏటవాలుగా ఆనించి వాటి కింద తలదాచుకోవాలని, కిటికీ అద్దాలకు సున్నం పూయాలని, 14 రోజులకు సరిపడా తిండి, నీళ్లు నిల్వ ఉంచుకోవాలని చెప్పింది. 1983 నవంబరులో అమెరికా క్రూయిజ్ క్షిపణులు గ్రీనమ్ కామన్ వైమానిక స్థావరానికి చేరాయి. వాటికి వ్యతిరేకంగా 1981 నుంచే అక్కడ స్త్రీలు శిబిరం వేసుకొని కూర్చున్నారు. బడి పిల్లలు సైతం బాంబు పడితే తమ ఊరు ఎంత దూరం వరకు కాలిపోతుందని మాట్లాడుకున్న కాలమది. హార్న్ చేసిన పని సాహసోపేతమైనది: ప్రభుత్వం అణుదాడి సూచనల కోసం తీసిన లఘుచిత్రాలకు వ్యాఖ్యానం చెప్పిన నటుడు ప్యాట్రిక్ ఆలెన్‌నే స్టూడియోకు పిలిపించి, అదే నిబ్బరమైన గొంతుతో అలాంటి మాటలే రికార్డు చేయించి, ఉరకలెత్తే నాట్య సంగీతం మధ్యలో పొదిగాడు. నాట్యశాలల కోసం వేసే పన్నెండు అంగుళాల రికార్డులో ఒకే పాటను పొడిగించి, అంగాలను తిరిగి అమర్చి కొత్త రూపంలో ఇచ్చే పద్ధతిని మిక్స్ అంటారు. ఈ పాటకు వచ్చిన మిక్స్‌లలో ఒకదానికి హిరోషిమా, నాగసాకి బాధితులను జపాన్ వారు పిలిచే ‘హిబాకుషా’ అన్న పేరే పెట్టారు. ఇన్ని రూపాల్లో అమ్మడం వ్యాపార తంత్రమే, ఒకే అభిమాని ఒకే పాటను రెండు మూడు సార్లు కొనేలా చేసిన మాట వాస్తవమే. కాని భయాన్ని గదిలో ఒంటరిగా మోసే బదులు పదిమందితో కలిసి ఆడి దులుపుకొనే అవకాశాన్ని కూడా అది ఇచ్చింది.

గాడ్లీ, క్రీమ్ అనే ఇద్దరు దర్శకులు తీసిన వీడియోలో అమెరికా అధ్యక్షుడు రీగన్‌ను, సోవియట్ నాయకుడు చెర్నెంకోను పోలిన నటులు కోడిపందేల బరి వంటి గోదాలోకి దిగి తన్నుకుంటారు, కొరుక్కుంటారు, జుట్లు పట్టుకుంటారు. చుట్టూ నిలబడిన దేశదేశాల ప్రతినిధులు మొదట ఎగబడి చూసి, తర్వాత వారూ కలబడతారు. చివరకు భూగోళమే పేలిపోతుంది. చెర్నెంకో పదవిలోకి వచ్చి అప్పటికి నాలుగు నెలలు మాత్రమే అయింది, అంటే వీడియో వార్తాపత్రికతో పోటీపడే వేగంతో తయారైందన్నమాట.

దేశం లోపల మరో పోరాటం సాగుతోంది. 1984 మార్చిలో మొదలైన బొగ్గుగని కార్మికుల సమ్మె ఏడాది పాటు నడిచింది, 30 లక్షలు దాటిన నిరుద్యోగం తగ్గే జాడ లేకపోయింది, 1981 జూలైలో టాక్స్‌టెత్ అల్లర్లు చూసిన లివర్‌పూల్‌కు ఆ భారం మరింత ఎక్కువ. బడి ముగించిన పిల్లలు ప్రభుత్వ శిక్షణ పథకంలో చేరి అరకొర భత్యం తీసుకుంటూ, ఆ భత్యంలోనుంచే వూల్‌వర్త్స్ దుకాణంలో సింగిల్ కొనుక్కునేవారు, ‘స్మాష్ హిట్స్’ పత్రికలో అచ్చయిన పాటల సాహిత్యాన్ని కత్తిరించి గోడకు అంటించుకునేవారు. అలాంటి ఇళ్లలోకి ఈ బృందం బంగారు పూతను, విలాసాన్ని, వెకిలితనాన్ని కూడా మూటగట్టి తెచ్చింది. అక్టోబర్ 29న విడుదలైన ‘వెల్‌కమ్ టు ది ప్లెజర్‌డోమ్’ రెండు రికార్డుల ఆల్బమ్. దాని పేరు కోల్‌రిడ్జ్ ‘కుబ్లా ఖాన్’ కవితలోని విలాస మందిరం నుంచి వచ్చింది, దాని ముందస్తు గిరాకీయే పది లక్షలు దాటింది. లోపలి అట్ట మీద ఎడిత్ సిట్‌వెల్ పేరిట చేతిసంచి, ఆంద్రే జీద్ పేరిట మేజోళ్లు అమ్మకానికి పెట్టిన ఘనత మోర్లీది. ఆల్బమ్‌లో ఇతరుల పాటలను తిరిగి పాడినవి ఎక్కువై అక్కడక్కడ పలచబడిందన్నది న్యాయమైన విమర్శే, కాని 13 నిమిషాలకు పైగా సాగే దాని శీర్షిక గీతం ఆ దశాబ్దపు పాప్ సంగీతంలోని మహా నిర్మాణాలలో ఒకటి.

నవంబరులో వచ్చిన మూడవ సింగిల్ ‘ది పవర్ ఆఫ్ లవ్’ అందరి అంచనాలనూ తలకిందులు చేసింది. మొదటిది కామం, రెండవది యుద్ధం కాగా, మూడవది తంత్రీవాద్యాల మీద నిదానంగా సాగే ప్రేమ ప్రార్థన. దాని వీడియోలో క్రీస్తు జననం చూపారు. డిసెంబర్ మొదట్లో అది కూడా మొదటి స్థానానికి చేరడంతో, తొలి మూడు సింగిల్స్‌తోనూ ఆ స్థానం అందుకొన్న ఘనత 1963లో అదే లివర్‌పూల్‌కు చెందిన జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ తర్వాత మళ్లీ ఈ బృందానికే దక్కింది. ఒక్క వారమే అక్కడ ఉంది. దాన్ని దించిన పాట ఇథియోపియా కరువు బాధితుల కోసం బ్యాండ్ ఎయిడ్ పేరిట గాయకులందరూ కలిసి పాడినది. నవంబర్ 25న ఆ పాటను రికార్డు చేసింది హార్న్ దంపతుల సొంత స్టూడియో సార్మ్ వెస్ట్‌లోనే, అదీ వారు ఒక రోజు పాటు ఉచితంగా ఇచ్చిన చోట. తమ పాటను తామే గద్దె దింపే ఏర్పాటుకు తలుపులు తెరిచి ఇచ్చిన ఆ సంస్థను వట్టి వ్యాపారులని తోసిపుచ్చడం అంత సులభం కాదు. ఆ క్రిస్మస్ నాటికి బీబీసీ నిషేధం కూడా తొలగిపోయి, ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ పండుగ కార్యక్రమంలో బృందం ‘రిలాక్స్’ పాడింది.

అయితే ఈ వైభవం కింద లెక్కల పుస్తకం మరో కథ చెబుతోంది. రికార్డు సంస్థ, స్టూడియో, పాటల హక్కులు చూసే సంస్థ ఈ మూడూ ఒకే కుటుంబం చేతిలో ఉన్నాయి. హార్న్ నెలల తరబడి చెక్కిన ప్రతి పాటకూ అయిన స్టూడియో ఖర్చు బృందం వాటాలోనే పడేది. ఊరూరా జనం తమ చొక్కాలు తొడుక్కొని తిరుగుతుండగా, తాము వాయించని పాటలకు తామే ముఖాలమై నిలబడ్డామన్న ఇబ్బంది కుర్రాళ్లు ముగ్గురినీ పీడించసాగింది, అమెరికా, ఐరోపా యాత్రల్లో వేదిక మీద స్వయంగా వాయించి తమ సత్తా నిరూపించుకున్న తర్వాత ఆ ఇబ్బంది పట్టుదలగా మారింది. 1985 మార్చిలో నాలుగవ సింగిల్ 2వ స్థానం దగ్గరే ఆగిపోయింది.

రెండవ ఆల్బమ్‌ను తామే వాయించాలని కుర్రాళ్లు పట్టుబట్టడం, హార్న్ పగ్గాలు లిప్సన్‌కు అప్పగించడం, జాన్సన్‌కు మిగిలినవారికి మధ్య దూరం పెరగడం, 1987లో బృందం విచ్ఛిన్నమై జాన్సన్ మరో సంస్థకు వెళ్లబోగా జడ్‌టీటీ అతన్ని న్యాయస్థానానికి ఈడ్చడం, ఒక కళాకారుడిని ఏళ్ల తరబడి కట్టిపడేసే ఒప్పందం ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న మీద బ్రిటన్ న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పు వచ్చే భాగంలో.